కూర్చుని వినడం

నిరుడు హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒక పాత యమహా ట్యూనర్ కొన్నాను. ట్యూనర్ అంటే రేడియోనే. కాకపోతే దానికి సొంత స్పీకరు ఉండదు. ఎఫ్.ఎం. తరంగాన్ని పట్టుకుని, శుభ్రంగా యాంప్లిఫయర్‌కి అందించడం ఒక్కటే దాని పని. హనుమకొండ బస్సులో మూడు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంట్లో అడుగు పెట్టగానే తమ్ముడు నవ్వాడు. "ఫోన్ల రేడియో రాదా అక్కా? ఇవన్నీ మగపిల్లల పిచ్చిలు గదా, నీకెప్పుడు పట్టింది?" అమ్మ మాత్రం పెట్టెను చుట్టూ తిరిగి చూసి, "రేడియోకు గింత పెద్దగుంటదా బిడ్డా, దీని మీద దుమ్మెవరు దులపాలె?" అంది.

ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనని తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మంచి శబ్దం వినే సరంజామా మగవాళ్లది. దాని దుమ్ము దులిపేది ఆడవాళ్లు.

మా చిన్నప్పుడు రేడియో వసారాలో, బాపు కుర్చీ పక్కన ఉండేది. అరచేతి వెడల్పు స్పీకరున్న ట్రాన్సిస్టర్. బాపు కూర్చుని వినేవాడు. అమ్మ వంటింట్లోంచి, రెండు గోడల అవతల నుంచి, కుక్కర్ విజిళ్ల మధ్య ఎంత వినబడితే అంత వినేది. ఏ నాటకానికీ ఆమెకు మొదలో చివరో తెలియదు. నేను స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నాను. స్త్రీలకు తీరిక లేకపోవడం గురించి ఒక అధ్యాయమే రాశాను. కానీ, "అమ్మా, నువ్వు ఎప్పుడన్నా ఒక కార్యక్రమం మొత్తం విన్నవా?" అని అడగాలని అప్పుడు తోచలేదు.

ట్యూనర్‌కి యాంటెనా నేనే చేసుకున్నాను. వరంగల్ ఆకాశవాణి 103.5 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 2.9 మీటర్లు. అందులో సగం, అంటే దాదాపు 145 సెంటీమీటర్ల తీగ కావాలి. అటకమీద పడివున్న పాత టీవీ ఫ్లాట్ వైరును ఆ కొలతకు కోసి, రెండు కొసలూ విడివిడిగా మూసి, నడిమిలో ఒక పక్క తీగ తెంపి, అక్కడి నుంచి మరో వైరును ట్యూనర్ దాకా లాగాను. దండేనికి కట్టాను. తమ్ముడు మోజుపడి కొని, ఆనక సౌండ్‌బార్ వచ్చాక మూలకు నెట్టేసిన సోనోడైన్ స్పీకర్లు ఉండనే ఉన్నాయి. ముల్లు తిప్పుతుంటే బుసబుసమన్న చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక అనౌన్సర్ గొంతు. మాట మొదలుపెట్టే ముందు ఆమె తీసుకున్న ఊపిరి, కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించాయి. ఎవరో మా గదిలో కూర్చుని నాతోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

ఆ సంతోషాన్ని ఒప్పుకోవడానికి మొదట సిగ్గుపడ్డాను. పేపర్లు దిద్దాల్సి ఉండగా తలుపు వేసుకుని, ఏ పనీ చేయకుండా రేడియో ముందు గంటసేపు కూర్చోవడమా? మగవాడు కూర్చుంటే అది అభిరుచి. ఆడమనిషి కూర్చుంటే సోమరితనం. ఆ తీర్పు ఇతరులు చెప్పే ముందే మనమే చెప్పుకుంటాం.

ఈ పిచ్చిలో పడ్డాక ఎఫ్.ఎం. చరిత్ర కొంత చదివాను. 1933లో దీనికి పేటెంట్లు పొందిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెద్ద కంపెనీలు కోర్టుల చుట్టూ తిప్పి అలసగొట్టిన కథ ప్రసిద్ధమే. 1954లో ఆయన న్యూయార్క్‌లో పదమూడో అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. అంతకు రెండు నెలల ముందు, గొడవలో, పొయ్యి ఎగదోసే ఇనప కడ్డీతో భార్య మేరియన్ చేతిమీద కొట్టాడు. ఆమె ఇల్లు వదిలి అక్కచెల్లెలి దగ్గరకు వెళ్లిపోయింది. మేధావి విషాదం చెప్పేటప్పుడు ఈ దెబ్బ ఒక వాక్యంలో దాటిపోతుంది. ఆ మేరియనే తర్వాత పదమూడేళ్లు ఆ దావాలు నడిపింది. 1967లో చివరి కేసు కూడా ఆమెకు అనుకూలంగానే ముగిసింది. కొట్టిన చేతి పనిని, దెబ్బతిన్న చేయి పూర్తి చేసింది. దీన్ని త్యాగం అనాలో, న్యాయం అనాలో, బతుకు లెక్క అనాలో నాకు తెలియదు. ఆమె పేరు లేకుండా మాత్రం ఎఫ్.ఎం. కథ చెప్పకూడదని అనిపిస్తుంది.

నన్ను ఇంకా ఎక్కువగా పట్టుకున్నది మరో సంగతి. 1920లలో అమెరికాలో ఆడవాళ్ల గొంతు రేడియోకు పనికిరాదని, కీచుగా ఉంటుందని పత్రికల్లో చర్చలు జరిగాయి. పాత మీడియం వేవ్ ప్రసారం సుమారు 5 వేల హెర్ట్జ్ దాటి మోసుకురాలేదు. ఎఫ్.ఎం. 15 వేల దాకా తెస్తుంది. 'స', 'శ' వంటి హల్లుల బలం ఆడగొంతులో మగగొంతు కంటే పైస్థాయిలో ఉంటుంది. ఇరుకు దారిలో ముందు తెగిపోయేవి అవే. చిన్న స్పీకరైతే కింది స్వరాల నిండుతనాన్ని కూడా ఇవ్వలేదు. పైనా కిందా పోయి నడిమిది మాత్రం మిగిలితే ఏ ఆడగొంతైనా కీచుమనే వినిపిస్తుంది. లోపం పరికరంలో ఉంటే, నింద గొంతు మీద పడింది.

ఇది చదువుతుంటే 1998 గుర్తొచ్చింది. మా వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మ పాటలు పాడితే రేడియోవాళ్లు రికార్డు చేసుకుపోయారు. అందులో అమ్మ కూడా ఉంది. ప్రసారమైన మధ్యాహ్నం ఇంట్లో చుట్టాలున్నారు. అమ్మ వడ్డిస్తోంది. పాట మొదలైన కాసేపటికే బాపు, "ఆడోళ్ల గొంతులు కీచుమంటున్నయ్" అని సౌండు తగ్గించాడు. చుట్టాలు నవ్వారు. అమ్మ పప్పుగిన్నెతో వచ్చేసరికి పాట అయిపోయింది. బాపు చెడ్డవాడని కాదు. అప్పుడు నేను కూడా నవ్వాను.

గొంతు మన దగ్గర ఉంటే చాలదు. దాన్ని మోసుకెళ్లే దారి కూడా చేతిలో ఉండాలి. ఇది జహీరాబాద్ దగ్గరి మాచనూరు దళిత స్త్రీలు మనకంటే ముందే గ్రహించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 1998 నాటికే వాళ్లు కార్యక్రమాలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. లైసెన్సు లేక పదేళ్లపాటు క్యాసెట్లలోనే సంఘాలకు వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, మందు చెట్ల గురించి తమ యాసలో తామే మాట్లాడారు, తామే రికార్డు చేశారు. కొద్ది కిలోమీటర్లే చేరే ఆ తరంగాన్ని ఇక్కడ నా ట్యూనర్ ఎంత మంచిదైనా పట్టలేదు. కొన్ని గొంతులు వినాలంటే మనమే అక్కడికి వెళ్లాలి.

మొన్న బతుకమ్మ రోజుల్లో ఒక మధ్యాహ్నం 103.5లో ఆడవాళ్ల బృందం పాట మొదలైంది. అమ్మను చెయ్యి పట్టి తెచ్చి స్పీకర్ల ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. పొయ్యిమీద కుక్కర్ ఉందంటూనే కూర్చుంది. కాసేపటికి కళ్లు మూసుకుంది. "ఆరుగురున్నరు," అంది. మరికాసేపాగి, "ఆఖరామెకు జలుబు చేసింది పాపం. అయినా వదలకుంట పాడుతాంది." తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

"మాయి గిట్లనే ఉండెనా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పాటను మేమెవరమూ పూర్తిగా వినలేదు.

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. అమ్మ అలవాటుగా లేవబోయింది. నేను కూడా లేవబోయి, ఆగాను. నేను వెళ్తే ఒక ఆడమనిషి బదులు ఇంకో ఆడమనిషి పాట వదులుకున్నట్టేగా? ముందుగదిలో ఫోన్ చూసుకుంటున్న తమ్ముణ్ణి కేకేశాను.

"తమ్మీ, స్టవ్ బంద్ చెయ్."

ఏం అనుకున్నాడో గాని లేచాడు. అమ్మ కూర్చునే ఉంది. పాట పూర్తిగా విన్నది.