తొట్టి అడుగున

ఏప్రిల్ 27
మొగల్తూరు వైపు రొయ్యల పట్టుబడి ముగించుకొచ్చి బండి కడుగుతుంటే వెనక చక్రం పక్కన తుప్పు పెచ్చు ఒకటి కనబడింది. అప్పడమంత ఉంది. వేళ్ళతో నొక్కితే పొరలు పొరలుగా విడిపోయింది. తొట్టిలోకి చూస్తే చెకర్డ్ ప్లేటు గట్టిగానే ఉంది. బండి కింద పడుకుని ఫోను లైటు వేశాను. ప్లేటు కింద ఉండాల్సిన అసలు ఫ్లోరుకు బొటనవేలు దూరేంత కంత.

2012 మోడల్ పికప్. ఇంజను ఇంకా నిక్షేపంలా ఉంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండి కనక ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) తీసుకెళ్ళాలి. ఆగస్టులోగా తొట్టి సంగతి తేల్చాలి.

ఏప్రిల్ 29
వెల్డింగులన్నీ గ్రైండరుతో కోసి ప్లేటు లేపించాం. ఆ వాసన ఇంకా ముక్కులోనే ఉంది. కింద పేరుకున్న నల్ల బురదలో ఊక, మట్టి, రొయ్యల మీసాలు. ఒక్కో మీసం విడిగా తెలుస్తోంది, ఎర్రదారం పోగులా. పదేళ్ళుగా కారిన ఐసు నీళ్ళు, చెరువు ఉప్పు అన్నీ అక్కడే కాపురం పెట్టాయి.

ఆ ప్లేటు నాన్నగారు 2015లో వేయించింది. షెడ్డువాళ్ళు చుట్టూ వెల్డింగు చేసి, నీళ్ళు పోయే కంతల్ని కూడా కప్పేశారు. అతుకుల్లోంచి నీళ్ళు లోపలికి వెళ్ళాయి, బయటికి రావడానికి దారి లేదు. నాన్నగారు కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చున్నారు. "మంచిదనే వేయించానురా" అన్నారు. అవును నాన్నగారూ. ట్రేలు ఈడ్చినా, ఐసు దిమ్మలు పడేసినా ఒక్క సొట్ట పడలేదు. దెబ్బను ఆపిన రేకే నీళ్ళనూ ఆపింది.

మే 1
ఈసారి ఏం వేయాలన్నదానికి ఊళ్ళో తలో మాట.

మళ్ళీ చెకర్డ్ ప్లేటే అంటాడు వెల్డర్ బాబాయి. మా తొట్టి ఎనిమిదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు. 3 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు వేస్తే దాదాపు 100 కిలోలు. ప్రతి ట్రిప్పులోనూ అంత సరుకు తగ్గించుకోవాలి. అల్యూమినియం అయితే అందులో మూడో వంతు బరువే. కానీ ఉప్పునీళ్ళు తగిలే చోట అల్యూమినియం, ఇనుము ఒకదాన్నొకటి ఆనుకుంటే అల్యూమినియమే తరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్ఎస్) రేకు వేస్తే కథ తిరగబడుతుంది. రేకు మెరుస్తూనే ఉంటుంది, కింద ఇనుము మామూలుకన్నా త్వరగా పోతుంది. చేపల వ్యాపారంలో అందరికీ ఎస్ఎస్ అంటే నమ్మకం. బల్లలకూ తొట్లకూ అది సరే. పాత ఇనప ఫ్లోరు మీద పరచడానికి నేను ఒప్పుకోను.

మే 4
విజయవాడ ఆటోనగర్ వెళ్ళొచ్చాను. ఒక షాపులో పాలీయూరియా స్ప్రే చూపించారు. రెండు ద్రవాల్ని వేడిచేసి, ఒత్తిడి మీద గన్నులో కలిపి కొడతారు. కొన్ని సెకన్లలోనే గట్టిపడి, గరుగ్గా, రబ్బరులా ఇనుముకు పట్టుకుంటుంది. మధ్యలో సందు ఉండదు, నీళ్ళు నిలిచే మాటే లేదు. అన్నిటికన్నా మంచిది ఇదే, సందేహం లేదు. కాకపోతే అది ఇనుము శుభ్రంగా ఉంటేనే. తుప్పు మీద కొడితే లోపల తుప్పు నడుస్తూనే ఉంటుంది, పై పొర దాన్ని కనబడనివ్వదు. ప్లేటు కింద జరిగిందే మళ్ళీ ఇంకో రూపంలో. కొత్త బండైతే కళ్ళు మూసుకుని కొట్టించేవాణ్ణి. పదమూడేళ్ళ బండికి, ఎత్తి చూసుకోడానికి వీలున్నదే కావాలి.

తొట్టి ఆకారంలోనే పోతపోసిన ప్లాస్టిక్ లైనరూ ఉందన్నారు. కుదుపులకు అది కదులుతూ, కింద ఇసుకతో రంగును గీకుతుంది. వద్దనుకున్నాను.

మే 8
కుళ్ళిన ముక్కలు కోసి కొత్త రేకు అతికాక, కప్ బ్రష్షుతో రోజంతా గ్రైండింగు. సాయంత్రానికి ఫ్లోరు వెండిలా ఉంది. ఫొటో తీసుకున్నాను.

మే 9
పొద్దున్న వెళ్ళి చూస్తే ఆ వెండి మీద గోధుమ రంగు చుక్కలు. ఆవాలు చల్లినట్టు. ప్రతి చుక్కా ఒక చిన్న గుంట మీదే ఉంది, వేలితో తాకితే తడి. ఇనుము గుంటల్లో మిగిలిపోయిన ఉప్పు రాత్రి గాల్లోని తేమను లాక్కుంది. నిన్న సాయంత్రమే ప్రైమరు కొట్టి ఉంటే ఈ చుక్కల మీదే కొట్టేవాళ్ళం. ఏడాది తిరక్కుండా బుడగలు లేచేవి.

బోరు నీళ్ళు మాకు ఉప్పే. మంచినీళ్ళ ట్యాంకు తెప్పించి మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, మళ్ళీ రుద్దాం. మేస్త్రీకి విసుగొచ్చింది. "ఇంత అక్కర్లేదండీ, రెడ్ ఆక్సైడు కొట్టేద్దాం" అన్నాడు. నేను వినలేదు.

మే 11
గుంటల్లో వదలని తుప్పుకు టానిన్ మందు పూశాం. గోధుమ రంగు చూస్తుండగానే నీలం తిరిగి నల్లబడింది. పెడన కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరేసిన నీళ్ళు తగిలితే వచ్చే నలుపూ ఇదే కదా! కరక్కాయలో ఉన్నదీ టానినే. ఒక చుక్క మారేదాకా అక్కడే గొంతుక్కూర్చుని చూశాను.

మే 13
ఎపాక్సీ ప్రైమరు. డబ్బా, హార్డెనరు చెప్పిన పాళ్ళలోనే కలపాలి, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. పక్క గోడలకు ఉన్న పాత రెడ్ ఆక్సైడును ముందే గీకించాను. దాని మీదే ఎపాక్సీ పడితే థిన్నరుకు అది ముడతలు పడి లేస్తుంది. నీళ్ళు పోయే నాలుగు కంతలకూ గుడ్డ చుట్టిన పుల్లలు పెట్టి రంగు కొట్టించాను, పూడిపోకుండా.

మే 17
దొరికింది! పాల డెయిరీల్లో గేదెల కింద వేసే రబ్బరు మ్యాటు. ఆకివీడులో ఒకాయన కొట్టంలో చూశాను. అడుగున గాడులుంటాయి, మూత్రం జారిపోవడానికి. అవే గాడుల్లోంచి ఐసు నీళ్ళూ జారిపోతాయి. ఆరున్నర అడుగులు, నాలుగడుగులు. రెండు తెచ్చి, ఒక్కోదాని పొడవులో అడుగు కోసి, అడ్డంగా పక్కపక్కన పరిస్తే మా తొట్టికి కొలిచి చేసినట్టు సరిపోయింది. సబ్బు నీళ్ళు పోస్తూ కోస్తే కత్తి బాగా తెగుతుంది. అంటించలేదు, బోల్టులు బిగించలేదు.

మే 24
మా కుర్రాడు తొట్టిలో మ్యాటు మీద ఇనప క్యాను పెట్టి పెట్రోలు పట్టించబోతున్నాడు, చెరువు దగ్గర మందు కొట్టే ఇంజనుకి. గట్టిగా కేకేసి దింపించాను. రబ్బరు మీదా ప్లాస్టిక్ మీదా ఉన్న క్యానులో పుట్టే స్టాటిక్ కరెంటుకు నేలలోకి దారి ఉండదు, ఒక్క రవ్వ చాలు. అమెరికాలో ఇలా లైనర్లున్న పికప్పుల్లో మంటలు లేస్తే, అక్కడి కార్మిక భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1998లోనే హెచ్చరిక ఇచ్చింది. క్యాను నేల మీద పెట్టే పట్టాలి. వాణ్ణి అంతలా తిట్టాల్సింది కాదు, కానీ భయమేసింది.

జూన్ 1
మొదటి లోడు. ట్రేలు జారలేదు. మలుపుల్లో ఒకదాన్నొకటి కొట్టుకునే చప్పుడు కూడా లేదు.

జూన్ 8
ఆదివారం. కుర్రాడూ నేనూ తలో పక్క పట్టి మ్యాట్లు దింపాం. కింద కొంచెం ఇసుక, రెండు మూడు మీసాలు. పైపు పెట్టగానే నాలుగు కంతల్లోంచీ నీళ్ళు ధారగా పడ్డాయి. ముందు ఎర్రటి మురికి, తర్వాత తేటగా. నాన్నగారు వంగి వెనక కంత కింద అరచెయ్యి పెట్టారు. నీళ్ళు తేటబడేదాకా అలాగే పట్టుకుని, చెయ్యి చొక్కాకు తుడుచుకుని, "రెండో మ్యాటు కూడా తిప్పి కడగరా" అన్నారు.