పదవ పలక

చీకటి అనగానే అజ్ఞానమనీ, వెలుగు అనగానే విజ్ఞానమనీ చెప్పుకోవడం మనకు పరిపాటి. వార్షిక సంచికలలోని వ్యాసాలు పెక్కు ఆ మాటతోనే ఆరంభమవుతాయి. మా అనుభవం అందుకు కొంత భిన్నమైనది. చీకటిని శ్రద్ధగా కాపాడుకొననిదే వెలుగు తన పని తాను చేయలేదని ఒక అట్టపెట్టె మాకు నేర్పింది. ఆ పెట్టె కథతోపాటు, మా వలన జరిగిన ఒక తప్పిదాన్ని కూడా ఈ పుటలలో కళాశాల కమిటీ పెద్దల ముందు ఒప్పుకొనదలచాము.

మేము నలుగురము. ఇద్దరము ఉర్దూ మాధ్యమం, ఇద్దరము తెలుగు మాధ్యమం. వైజ్ఞానిక ప్రదర్శనకు ఏదైనా స్వయంగా నిర్మించి తెమ్మని అధ్యాపకులు ఆదేశించినప్పుడు మాకు 2019 డిసెంబరు 26వ తేదీ గుర్తుకు వచ్చింది. అప్పటికి మేము బడి పిల్లలము. ఆ ఉదయం పాక్షిక సూర్యగ్రహణం. వేపచెట్టు కింద రోజూ గుండ్రంగా రాలే ఎండచుక్కలన్నీ ఆనాడు నెలవంకలై నేలమీద పరచుకున్నాయి. ఆకుల సందులలోని ప్రతి చిన్న రంధ్రమూ సూర్యుని బొమ్మను గీస్తున్నదని ఆనాడు మాకు తెలియదు.

ఆ సంగతిని వేయి సంవత్సరాల క్రిందటే విచారించిన మహనీయుడు ఇబ్నుల్ హైసమ్. ఆయన 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశాడు. గ్రహణ సమయంలో రంధ్రం గుండా పడే నెలవంక ఆకారాన్ని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. ‘కితాబుల్ మనాజిర్’ అనే తన మహాగ్రంథంలో దీపాలను వరుసగా నిలిపి, వాటి కాంతిని ఒక రంధ్రం గుండా చీకటి స్థలంలోకి పంపిన ప్రయోగాన్ని వర్ణించాడు. ఒక దీపాన్ని మూస్తే లోపల దాని వెలుగుమచ్చ ఒక్కటే మాయమవుతుంది. అంటే అన్ని కిరణాలూ ఒకే రంధ్రంలో దూరినా ఒకదానితో ఒకటి కలిసిపోవు; ప్రతిదీ తన తిన్నని దారిన తాను పోతుంది. అందుచేతనే లోపల పడే బొమ్మ తలక్రిందులవుతుంది, కుడి ఎడమలు మారుతాయి. మన సంచికలో ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి బయలుదేరినట్లే అనుకొని మేము నవ్వుకున్నాము.

బొమ్మ పడితే చాలదు, నిలవాలి. అందుకు తక్షణ ఫిల్మును ఎంచుకున్నాము. తీసిన ఫోటో వెంటనే ఎందుకు కనిపించదని తన చిన్నారి కూతురు 1943లో అడిగిన ప్రశ్ననుండి ఎడ్విన్ లాండ్ అనే అమెరికా శాస్త్రజ్ఞునికి ఈ ఆలోచన పుట్టింది. 1947లో ఆయన దానిని ప్రదర్శించాడు. మరుసటి సంవత్సరం పోలరాయిడ్ కెమెరా అంగడికి వచ్చింది. మేము వాడినది 1998లో జపాన్ దేశపు ఫూజీ సంస్థ తెచ్చిన ఇన్‌స్టాక్స్ మినీ ఫిల్ము. ప్రతి పలక అంచున రసాయనం నిండిన సన్నని సంచి ఉంటుంది. కెమెరాలోని రెండు రోలర్ల నడుమనుండి పలక బయటకు వచ్చేటప్పుడు ఆ సంచి పగిలి, రసాయనం పలకంతటా పరచుకొంటుంది. కొద్ది నిమిషాలలో బొమ్మ తేలుతుంది.

కమిటీవారు దయతో ఒక ప్యాకెట్టు కొనిపెట్టారు. అందులో పది పలకలు. పదవ పలకమీద కమిటీ పెద్దల ఫోటో తీసి ప్రదర్శన అట్టపై అమర్చాలన్నది షరతు. మేము సంతోషంగా ఒప్పుకున్నాము.

ఇక నిర్మాణం. దళసరి అట్టతో పెట్టె చేసి, లోపల నల్ల డ్రాయింగు కాగితం అంటించాము. శీతల పానీయపు డబ్బా రేకును చిన్న ముక్కగా కత్తిరించి, కుట్టుసూది మొనతో మెల్లగా గుచ్చి, ఉప్పుకాగితంతో అంచులు రుద్దాము. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని ట్రావెలింగ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే రంధ్రం వ్యాసం 0.3 మిల్లీమీటర్లు. రంధ్రానికీ పలకకూ మధ్య దూరం 5 సెంటీమీటర్లు. రంధ్రం ఇంకా పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది. మరీ చిన్నదైతే కాంతి అంచులవద్ద వంగి మళ్ళీ మసకే అవుతుంది. నల్ల టేపు ముక్కే మా షట్టరు. ఒక మిత్రుని తల్లి రెండు పొరల నల్లగుడ్డతో, చేతులు దూర్చే ఒక సంచి కుట్టి ఇచ్చింది. పెండ్లి ఫోటోలు తీసే ఒకాయన పాత ఇన్‌స్టాక్స్ కెమెరానూ, ఒక ఖాళీ క్యాసెట్టునూ ఎరువిచ్చాడు. పలకను నల్లసంచిలోనే పెట్టెకు ఎక్కించడం, బొమ్మ పట్టిన తరువాత మళ్ళీ సంచిలోనే క్యాసెట్టులో పెట్టి, కటకం మూసిన ఆ కెమెరా గుండా బయటకు పంపడం మా పద్ధతి.

మొదటి పలకను తిరగవేసి ఎక్కించాము. ఈ ఫిల్ము వెనుకవైపునుండి కాంతిని గ్రహించి ముందువైపున బొమ్మను చూపుతుంది. అది తెలియక పలకను నల్లగా పోగొట్టుకున్నాము. రెండవది మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్క సెకను తెరిచాము, తెల్లకాగితం వచ్చింది. అప్పుడు కూర్చుని లెక్క కట్టాము. 50 మిల్లీమీటర్ల దూరాన్ని 0.3తో భాగిస్తే సుమారు 167. ఫిల్ము వేగం 800. ఆ ఎండకు సెకనులో ఏడవ వంతు చాలు. టేపు తీసే చేతికి అంత వడి లేదు. కాబట్టి నీడలే మాకు శరణ్యమయ్యాయి. మూడవ పలకను పెట్టె మూలనుండి చొరబడిన వెలుగు చారికగా కాల్చివేసింది. నాలుగవది వేపచెట్టు నీడలో, ఒకటిన్నర సెకను. మెల్లమెల్లగా కళాశాల వరండా స్తంభాలు తేలివచ్చినప్పుడు మేము వేసిన కేకకు ప్రయోగశాల సహాయకుడు పరుగెత్తి వచ్చాడు.

ఐదవ పలకమీద మూతపడిన ఒక పాత గని దారిని, రోడ్డుమీదనుండే, సంధ్యవేళ నాలుగు సెకన్లు పట్టుకున్నాము. 1889లో ఇల్లందులో మొదలైన సింగరేణి తవ్వకం తరువాతి దశాబ్దాలలో బెల్లంపల్లికి చేరి ఈ పట్టణాన్ని పెంచింది. ఇప్పుడు ఇక్కడి పాత బాయిలు ఒకదాని వెంట ఒకటి మూతపడినవి. ఆరవది బజారు, పొద్దు గూకిన తరువాత పదిహేను సెకన్లు. నడిచిపోయిన మనుషులెవరూ బొమ్మలో లేరు. గోడకు ఆనించిన సైకిలు ఒక్కటే స్పష్టంగా నిలిచింది. తక్కినవి తరగతి గదులకు, మిత్రులకు ఖర్చయినాయి.

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకు కమిటీ సమావేశం. పదవ పలకను పెట్టెకు ఎక్కించుకొని బయలుదేరాము. ఇంకా గంట వ్యవధి ఉండడంతో దారిలో మాలో ఒకరి ఇంటికి వెళ్ళాము. ఐదవ పలకలోని గని పేరేమిటో ఆ మిత్రుని దాదాను అడగాలని మా ఉద్దేశం. ఆయన వయసు ఎనభైకి దగ్గర. ముప్పై ఏండ్లు బాయిలో తట్టా చెమ్మస్‌లతో బొగ్గు నింపిన మనిషి.

దాదా ఆ బొమ్మను కంటికి దగ్గరగా పట్టుకొని చాలాసేపు చూశారు. “నేను దిగిన బాయి గిదే బిడ్డా. లోపలికి పోయేటప్పుడు ఎన్కకు తిరిగి చూస్తే మొగల పెద్ద దర్వాజ లెక్క ఉంటది. ఇంకింత దిగితే రూపాయి బిళ్ళంత. గంతే, తర్వాత చీకటే” అన్నారు. తరువాత మా పెట్టెను చూపి, లోపల ఏమున్నదని అడిగారు.

“ఏమీ లేదు దాదా, చీకటే” అన్నాము.

“అయితే నాకు ఎరుకైన జాగనే” అని నవ్వారు.

ఆధార్ కార్డుమీది బొటనవ్రేలంత బొమ్మ తప్ప ఆయనకు ఫోటో లేదు. మనుమలు సెల్‌ఫోను ఎత్తితే ముఖం తిప్పుకొంటారట. నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ ప్రభువుల చిత్రాలను గాజు పలకలపై నిలిపి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడని మేము చదువుకున్నాము. ఆ ప్రభువుల ముఖాలు నేటికీ ఉన్నాయి. ఈ పట్టణాన్ని తట్టలతో ఎత్తి నిలిపినవాని ముఖానికి ఒక పలక లేదా అన్న ప్రశ్న మా నలుగురిలో ఎవరు ముందు వేశారో ఇప్పుడు చెప్పలేము. ఇద్దరము వద్దన్నాము, ఇచ్చిన మాట గుర్తుచేశాము. తక్కిన ఇద్దరి చేతులు అప్పటికే పెట్టెను గడప ఎదుట స్టూలుపై నిలుపుతున్నాయి.

“ఇరవై లెక్కపెట్టేదాకా కదలవద్దు దాదా” అన్నాము. ఆయన గడపలో కూర్చున్నారు. టేపు తీశాము. పన్నెండవ లెక్కకు దగ్గు వచ్చింది. ఆపుకొనబోయి ఆయన తల ఊగిపోయింది.

నల్లసంచిలో పని ముగించి పలకను ఆయన అరచేతిలో పెట్టాము. తలుపు చట్రం తేలింది, గడప తేలింది, మోకాళ్ళమీద పెనవేసిన పెద్ద చేతులు నరాలతో సహా తేలాయి. ముఖం ఉండవలసినచోట తెల్లని మసక. మేము సిగ్గుతో తల వంచుకున్నాము. వేరొక పలక లేదు.

“గట్ల మొఖాలు పెట్టకుండ్రి. బాయిల మొఖం ఎవ్వలు చూస్తరు? ఎదురొచ్చెటోని నెత్తిమీది దీపం కండ్లల్ల కొడ్తది. గొంతు ఇని, నడక చూసి మనిషిని ఎరుకపడ్తం. ఈ చేతులు నావే. గిది నేనే” అని ఆయన ఆ పలకను జేబులో వేసుకున్నారు. మేము అడగలేదు.

ఆ సాయంత్రం పెట్టె పాడైనదని కమిటీవారికి చెప్పాము. అది అబద్ధం. పెట్టె బాగానే ఉంది. నేటికీ ప్రయోగశాల బీరువాలో ఉంది. ప్రదర్శన అట్టమీద పదవ గడి ఖాళీగా కనిపించినవారు కారణమేమని అడిగారు, ఇదీ కారణం. ఆ పలక ఇప్పుడు దాదా ఇంటిలో, గోడగడియారం క్రింద ఉన్నది. మేము తలా కొంత కూడబెట్టి మరొక ప్యాకెట్టు కొంటున్నాము. అందులోని మొదటి పలక కమిటీ పెద్దలది. వేపచెట్టు నీడలో ఒకటిన్నర సెకను కదలక కూర్చుని వారు మమ్ములను మన్నింతురని మా ఆశ.