షాబ్లీ కొండవాలున మంచు కాపలా

మా అమ్మాయి కాపురం పారిస్‌లో. 2023 ఏప్రిల్ చివర్లో మావారూ నేనూ వాళ్లింటికి వెళ్లినప్పుడు, "అమ్మా, ఈఫిల్ టవర్ ఎలాగూ చూస్తావు. ఈ ఆదివారం నీకో పల్లెటూరు చూపిస్తా" అంది. ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్లు, కారులో రెండు గంటల పైచిలుకు. ఊరి పేరు షాబ్లీ. తెల్ల వైన్‌కి పేరుమోసిన ఊరట. వైన్ అనగానే నా మొహం ఎలా మారిందో ఏమో, "మీరు తాగక్కర్లేదులెండి అత్తయ్యగారూ, తోటలు చూద్దురుగాని" అన్నారు అల్లుడుగారు.

చిన్న ఊరు. రాతి ఇళ్లు, మధ్యలో సెరెన్ అనే ఏరు. ఏటికి ఆవలి ఒడ్డున, ఊరికి ఎదురుగా ఒక పెద్ద కొండవాలు. దాన్నిండా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరసలు. మన పందిరి ద్రాక్షలా ఎత్తుగా ఉండవు, నడుం దాకా వస్తాయంతే. అప్పుడప్పుడే లేతాకు విచ్చుకుంటోంది. నా కళ్లు మాత్రం గట్ల మీద పేర్చిన రేకు డబ్బాల మీద పడ్డాయి. అచ్చం రంగు డబ్బాల్లా ఉన్నాయి, వందల కొద్దీ.

అల్లుడుగారికి పరిచయమున్న ఒక రైతు కుటుంబం వాళ్లింటికి వెళ్లాం. ఇంటావిడకి మా వయసే ఉంటుంది. డబ్బాల సంగతి అడిగితే మూత తీసి చూపించింది. లోపల గడ్డకట్టిన మైనం, మధ్యలో ఒత్తి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట చలి సున్నా కిందికి రెండు డిగ్రీలు దిగితే చాలు, ఈ లేత చిగుళ్లు మాడిపోతాయట. అందుకని హెక్టారుకి, అంటే రెండున్నర ఎకరాలకి, మూడు నాలుగు వందల డబ్బాలు పెట్టి తెల్లవార్లూ వెలిగిస్తారు. కొందరు మరో పద్ధతి పాటిస్తారు. చిగుళ్ల మీద సన్నగా నీళ్లు చల్లుతూనే ఉంటారు. నీరు మంచుగా మారేటప్పుడు కాస్త వేడి విడుస్తుంది, ఆ వేడికే లోపలి చిగురు బతుకుతుంది. మంచుతొడుగులో చిగురు భద్రం! మధ్యలో మోటారు ఆగిందా, అసలుకే మోసం.

2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సు మొత్తం మీద ఇలాంటి మంచు వరసగా కొన్ని రాత్రులు కురిసింది. "పిల్లల్నీ, అత్తగార్నీ కూడా లేపి ఒత్తులు వెలిగించాం. అయినా మా పల్లపు తోటలో పదికి మూడొంతులే దక్కింది" అందావిడ. చల్లగాలి బరువు, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. కాబట్టి ఏటి ఒడ్డు తోటలకే ముందు దెబ్బ.

మరి ఇంత చలిలో ఈ తిప్పలెందుకని నాకు అనుమానం వచ్చింది. వాళ్ల వైన్‌కి పేరు తెచ్చిందే ఆ చలి! మామిడికాయ సంగతి మనకి తెలియంది కాదు. పండేకొద్దీ పులుపు విరిగి తీపెక్కుతుంది. ద్రాక్షా అంతే. ఎండ ఎక్కువైతే తీపి పెరుగుతుంది, ఆ తీపే పులిసి మత్తవుతుంది, పులుపు హరించుకుపోతుంది. చల్లటి చోట నెమ్మదిగా పండితే పులుపు నిలుస్తుంది. షాబ్లీలో పండేది షార్డొనే అనే ఒక్క రకమే. అదే రకాన్ని ఇంకా దక్షిణాన మెర్సో అనే ఊళ్లో పండిస్తే, వెన్న, బాదంపప్పు గుర్తొచ్చేంత కమ్మగా ఉంటుందని అల్లుడుగారు చెప్పారు. షాబ్లీది మాత్రం పుల్లగా, తేటగా ఉంటుందట. ఆయన మాటే నాకు ప్రమాణం. నేను గ్లాసు వాసన చూసి ఊరుకున్నాను. పుల్లాపిల్ తరిగినప్పటి వాసన.

ఒక్క ఊళ్లోనే నాలుగు అంతస్తులున్నాయి. అన్నిటికన్నా పైది గ్రాన్ క్రూ. అది ఊరికెదురుగా ఉన్న ఆ కొండవాలే, సుమారు 100 హెక్టార్లు, ఏడు పేర్లతో ఏడు ముక్కలు. నైరుతి ముఖంగా ఉండటంతో మధ్యాహ్నపు ఎండ సూటిగా పడుతుంది. చలి ఊళ్లో ఆ కాస్త ఎండే భాగ్యం. కొండ నెత్తిన, గాలికి ఎదురొడ్డే రాతి నేలది అన్నిటికన్నా కింది తరగతి. కొండవాలుకీ కొండ నెత్తికీ నాలుగడుగులే తేడా, ధరలో మాత్రం ఎంతో!

ఆవిడ తోటలోంచి ఒక రాయి ఏరి నా చేతిలో పెట్టింది. దాన్నిండా కామా గుర్తంత ఆల్చిప్పలు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేదట. ఆ సున్నపు మట్టి నీటిని నిలవనివ్వదు, అలాగని పూర్తిగా ఎండనివ్వదు. ఆల్చిప్పల రుచి వైన్‌లోకి దిగుతుందని కొందరంటారు గానీ, వేరు రాతి రుచిని పీల్చుకోదని శాస్త్రజ్ఞుల మాట. నాకూ అదే సబబనిపించింది. మట్టిలో పుట్టిన చేమదుంపకి మట్టి రుచి వస్తోందా ఏమన్నానా!

ఆ వారమే ఆల్సేస్ వైపు కూడా వెళ్లాం. అక్కడ వోజ్ కొండలు పడమటి వానని అడ్డుకుంటాయి. అందుకని కోల్మార్ ఊళ్లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వానే. పడమటి కనుమల వెనక మన అనంతపురం ఉన్నట్టే. ఆ పొడి ఎండకి రీజ్లింగ్ ద్రాక్ష శరత్కాలం దాకా కుళ్లకుండా నిలుస్తుందట.

మళ్లీ షాబ్లీ సంగతికొస్తే, ఆవిడ మాకోసం గుజేర్‌లు చేసింది. నీళ్లూ వెన్నా మరిగించి, మైదా పోసి ఉండకట్టకుండా తిప్పి, దించి గుడ్లూ చీజ్ తురుమూ కలిపి ఓవెన్‌లో పెడుతుంది. బూరెల్లా పొంగాయి, లోపల బోలు. మావారు ఆరు తిన్నారు.

ఒక కాలంలో ఫిలోక్సెరా పురుగు, తర్వాత యుద్ధాలు, ఈ మంచు కలిసి 1950లలో ఇక్కడి తోటలు 500 హెక్టార్ల దాకా కుంచించుకుపోయాయి. ఇప్పుడు 5,000 దాటాయి. కాని ఎండలు పెరిగి చిగురు ముందే వస్తోంది. 2020లో ఆగస్టు చివర్లోనే కోతలు మొదలయ్యాయి. చిగురు తొందరపడితే ఏప్రిల్ మంచు ఊరుకుంటుందా? "వేడెక్కిందని సంతోషించాలో, చిగురు చూసి భయపడాలో తెలియడం లేదు" అని ఆవిడ ఫోన్‌లో ఆ రాత్రి ఉష్ణోగ్రత ఎంతుంటుందో చూసుకుంది. ఒక డిగ్రీ అని ఉంది.

పారిస్ చేరినా నా మనసు అక్కడే ఉంది. మర్నాడు పొద్దున్నే అమ్మాయి చేత ఫోన్ చేయించాను. రాత్రి ఒంటిగంటకి లేచి ఇద్దరూ తోటకి వెళ్లారట, తెల్లారేదాకా కారులోనే కూర్చున్నారట. ఒత్తులు వెలిగించే పని పడలేదట.