రాతి మిద్దెకు భూకంపపు బీమా

మా యూరు ఎర్రగుంట్ల. గనులలో రాయి పగులగొట్టుటకై మందు పేల్చినప్పుడెల్ల అటుకుమీది గిన్నెలు గలగలలాడుట మాకలవాటే. కాని యిటీవల ఇంటికి బీమా చేయింతమను ప్రసంగము వచ్చి, అందు భూకంపము మాటయు నున్నదని తెలిసినప్పుడు మా యింట పెద్ద చర్చ జరిగినది.

“తాతలనాటినుండి ఈ నేల కదలి ఇండ్లు కూలినట్లు వినలేదు, రాని యాపదకు రొక్కమేల?” అని మావారనిరి. మా అత్తగారు మాత్రము, “వారు రూపాయలిత్తురు సరే, గోడక్రింద బడినవారిని లేపి యిత్తురా?” అనిరి. ఈ రెండవ మాటకు మాయొద్ద జవాబు లేకపోయినది.

మాది మామగారి తండ్రి కట్టించిన మిద్దె. బురదతో పేర్చిన రాతిగోడలు, దూలములపై బండలు, వానిపై చౌడుమట్టి. ఏటేట వానలకు ముందు క్రొత్తమట్టి పోయుచు వచ్చితిమేగాని పాతది తీసిన జ్ఞాపకము లేదు. వేసవిలో ఎంత చల్లనో, అంత బరువు!

మహారాష్ట్రములోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున నిట్టి యిండ్లే యుండెడివి. అదియు భూకంపభయము తక్కువని తలచిన నేలయే. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారకముందు భూమి కంపింపగా, గణపతి నిమజ్జనము చూచివచ్చి నిద్రించుచున్న జనము రాళ్ళక్రింద పడిరి. సుమారు 10,000 మంది మరణించిరి. ఇది చదివి వినిపించినపిమ్మట మావారు మారుపలుకలేదు.

విచారింపగా, 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన ‘భారత్ గృహ రక్షా’ పాలసీలో అగ్ని, తుపాను, వరదలతోపాటు భూకంపమును చేరియే యున్నదని తెలిసినది. ఆ 2021 నవంబరులోనే మన జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య కట్ట తెగి ఊళ్ళు కొట్టుకొనిపోవుట సోదరీమణులు మరచియుండరు. కాబట్టి ఒక్క భూకంపమునకే వెల కట్టనక్కర లేకపోయినది. ఏటి సొమ్ము మా నెల పాలఖర్చునకు మించలేదు.

ఇంటి విలువయనగా స్థలము వెల కాదు. తిరిగి కట్టుటకగు ఖర్చు. సామానునకు ఇంటి మొత్తములో నూటికి 20 వంతు, 10 లక్షలకు మించకుండ, దానంతటదే చేరును. కాని ప్రొద్దుటూరిలో చేయించుకొన్న నగలు వేరుగా వ్రాయించిననే లెక్కకు వచ్చును. ఇల్లు సహజముగా క్రుంగి గోడ బీటలువారిన సొమ్ము రాదు.

దరఖాస్తు నింపుటకు వచ్చిన ఏజంటు, “అంతయు సిమెంటు కట్టడమని వ్రాసెదను, సులువుగా పోవును” అనెను. మేమొప్పుకొనలేదు. ఆపద వచ్చిననాడు గోడలే సాక్ష్యమిచ్చునుగదా! రాయి, బురద, మట్టికప్పు అని వ్రాయించి, ఛాయాచిత్రములు జతపరచితిమి.

అత్తగారి ప్రశ్న మిగిలియే యుండెను. కిల్లారి పిమ్మట అక్కడి ఇండ్లకు ఇంజనీర్లు చెప్పిన ఉపాయములు రెండు మాకు నచ్చినవి: కప్పుమీది అధికపు మట్టి తీయించుట, గోడ రెండు ముఖములను పట్టియుంచు నిడుపాటి రాళ్ళు అచ్చటచ్చట చొప్పించుట. మట్టి ఈ మాఘములోనే దింపించితిమి, బండ్లకొలది వచ్చినది. రాళ్ళ పనికి సొమ్ము చాలక ఒక్క గదికే చేయించితిమి. అత్తగారి మంచము ఆ గదిలోనికి మార్చితిమి. ఆమె రెండుదినములు అలిగి, మూడవదినమున తన తాంబూలపు పెట్టె తానే తెచ్చుకొనిరి.

పాలసీ నకలొకటి కడపలోని మా ఆడబిడ్డ యింట నుంచితిమి. ఇల్లు కూలినచో బీరువా తెరచుటెట్లు?