మాత్ర వేసుకున్నావా అని అడగకుండా

ఇంట్లో ఎవరికైనా షుగర్ వచ్చిందంటే నలుగురికీ చెప్పుకుంటాం. అదే నొప్పి మాత్రలకి అలవాటు పడ్డారంటే తలుపులు వేసుకుని గుసగుసలాడతాం కదూ!

మా మరిది ఇక్కడ అమెరికాలో మాతోనే ఉంటాడు. కారు యాక్సిడెంట్ అయ్యాక నడుం నొప్పికని డాక్టర్ రాసిన ఆక్సికోడోన్, నొప్పి తగ్గాక కూడా అతన్ని వదల్లేదు. ఇప్పుడు బ్యుప్రినార్ఫిన్‌తో చికిత్స జరుగుతోంది. ఆ మాత్ర మింగకూడదు, నాలుక కింద పెట్టుకుని కరిగించుకోవాలి.

"ఒక మాత్ర మాన్పించడానికి ఇంకో మాత్రా?" అని గుంటూరు నుంచి అత్తయ్యగారు వీడియో కాల్‌లో కళ్లు తుడుచుకున్నారు. "బీపీ మాత్రలాంటిదే అనుకోండి అత్తయ్యా. పాత మందు మీద యావ తగ్గిస్తుంది, మనిషి పని చేసుకోగలుగుతాడు" అని చెప్పాను.

మందు కంటే కష్టం మాటలతోనే వచ్చింది. మావారు రోజూ "వేసుకున్నావా?" అని అడగడం, అతను మొహం ముడుచుకోవడం. "దొంగని చూసినట్టు చూస్తున్నారు వదినా" అన్నాడొకసారి.

అప్పుడే మందులు గుర్తుచేసే యాప్ ఒకటి తన ఫోన్‌లో పెట్టుకున్నాడు. మాకేం కనిపించాలో తనే తేల్చాడు: మాత్ర వేసుకున్నట్టు టిక్కు, డాక్టర్ వీడియో అపాయింట్‌మెంట్ల తేదీలు. అంతే. అతని మెసేజ్‌లు, ఎక్కడికి వెళ్తున్నాడన్నదీ మేం చూడం. టిక్కు పడకపోతే నేను ఫోన్ చేస్తాను, తిట్టను. అదీ ఒప్పందం.

ఒక రాత్రి టిక్కు పడలేదు. ఫోన్ చేశాను. చాలాసేపటికి, "ఇవాళ అస్సలు బాగాలేదు వదినా" అన్నాడు. మావారు వెళ్లి తీసుకొచ్చారు. మర్నాడు పొద్దున్నే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడాడు. అంతకుముందైతే ఆ మాట మాతో చెప్పేవాడా?

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కొన్నాళ్లు మానేశాక శరీరం పాత మోతాదుని తట్టుకోలేదు. మళ్లీ అంతే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే వంటింటి అలమరాలో నాలాక్సోన్ స్ప్రే ఉంచాను. 2023 నుంచి ఇక్కడ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ముక్కులో కొట్టి వెంటనే 911కి ఫోన్ చెయ్యాలి. ఈ పని ఏ యాప్పూ చెయ్యదు, ఇంట్లో మనిషే చెయ్యాలి.

ఇండియాలో ఉన్నవాళ్లు వ్యసనాల గురించి 14446కి ఫోన్ చెయ్యొచ్చు. మనసు బాగాలేకపోతే 14416, టెలీ మానస్. తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు మా భోజనాల దగ్గర మాత్రల ఊసు లేదు. పప్పులో ఉప్పు తక్కువైందని నాకే వంకలు పెడుతున్నాడు. పెట్టనీ!