చలికాలమున అరకు యాత్ర

మన అవ్వల కాలమున యాత్ర యన్న కాశికో రామేశ్వరమునకో పోవుటయే. పుణ్యము కొరకు గాక, మనసు సేదదీర్చుకొనుటకై గృహిణి యిల్లు విడిచి వెళ్లుట వారెరుగరు. ఇప్పుడు చలికాలపు సెలవులు రాగానే పిల్లలతో కొండలకు పోవుట మన యిండ్లలో వాడుకయైనది. మేమును మా అత్తగారు, పిన్నత్తగారు, తోడికోడలు, పిల్లలతో కలిసి డిసెంబరు మాసమున విశాఖపట్టణము నుండి అరకు లోయకు మూడు దినముల ప్రయాణము పెట్టుకొంటిమి. సోదరీమణులకు ఉపయోగపడునని ఆ విశేషములు కొన్ని వ్రాయుచున్నాము.

అరకునకు రైలుమీద పోవుటయే సొగసు. పెద్ద కిటికీలును, పైకప్పున అద్దములును గల పెట్టె యొకటి 2017వ సంవత్సరమున ఈ మార్గమున ప్రవేశపెట్టబడెను. అందులో చోటు కావలెనన్న టిక్కెట్లు చాల ముందుగా తీసికొనవలెను. శృంగవరపుకోట దాటిన పిమ్మట రైలు కొండనెక్కసాగును. బొడ్డవర, శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి - ఒక్కొక్క స్టేషను గడచినకొలది చలి హెచ్చును. సొరంగము వచ్చినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుదురు. కిరండూలు వరకు గల ఈ మార్గమున అట్టి సొరంగములు 58 కలవని లెక్క. ఈ దారిని విహారమునకై వేయలేదు. బస్తరు ప్రాంతమందలి బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపాను దేశమునకు పంపుటకై 1960వ దశకమున నిర్మించిరి. నేటికిని ఇనుపరాయి నింపిన గూడ్సు బండ్లు మన రైలునకు ఎదురగుచునే యుండును.

బొర్రా గుహల యొద్ద దిగి ఒక పూట గడిపితిమి. యుగయుగములుగా నీరు సున్నపురాతిని కరగించి, బొట్టుబొట్టుగా మరల పేర్చి, స్తంభములను, జడలను, గోపురములను చేసినది. ఈ గుహల మీదుగా పారు గోస్తనీ నదియే దిగువను తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణము చెంత సముద్రమున కలియుచున్నది. తాటిపూడి నీరు విశాఖపట్టణపు కుళాయిలకును వచ్చును. ఆ సంగతి విని మా అత్తగారు నిలువున నిలిచి చేతులు జోడించి, "ఇన్నాళ్లు బిందెలో పట్టుకొన్న తల్లిని ఈనాటికి చూచితిని" అనిరి.

అరకు చేరునప్పటికి లోయయంతయు పసుపు ఆరబోసినట్లుండెను. అవి వలిసెపూలు. చేలలో నిలిచి ఫొటోలు తీయించుకొనువారి యొద్ద చేనివారు పది యిరువది రూపాయలు అడుగుచుండిరి. "పూలను చూచుటకును వెలయా?" యని యొకరెవరో గొణిగిరి. కాని అది పూలతోట గాదు, నూనెగింజల పంట. మనము త్రొక్కిన ప్రతి మొక్కయు గింజకట్టక పోవును. ఆ రూపాయలు చూచుటకు వెల కావు, నష్టమునకు పరిహారము.

మరునాడు కాఫీతోటలకు పోయితిమి. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లనల్లుకొన్న మిరియపు తీగెలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. చలికాలమే కాఫీపండ్ల కోతకాలము. మంచు విడువకముందే ఆడువారు బుట్టలతో వచ్చి, ఎర్రబడిన పండ్లను మాత్రము ఏరి కోయుచుండిరి. పచ్చికాయ కలిసిన ధర తగ్గునట. మేము శాలువలు కప్పుకొనియు వణకుచుంటిమి. వారిలో పెద్దావిడను మా తోడికోడలు, "అవ్వా, ఈ చలిలో చేతులు కొంకర్లు పోవా? ఎండ వచ్చినాక కోయరాదా?" అని అడిగెను. ఆమె నవ్వి, "చలి పోయేదాకా కూచుంటే పండు రాలిపోతాదమ్మా" అనెను.

ఆ మాట మా మనసులలో నాటుకొనినది. మనకు సెలవులైన నెలలే వారికి తీరికలేని నెలలు. వలిసె కోత, కాఫీ కోత, అన్నియు ఈ చలిలోనే. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లో పారిసు నగరమున అరకు పేరిటనే కాఫీ దుకాణము వెలసినది. ఆ కీర్తికి మూలము మంచులో తడిసిన ఈ వ్రేళ్లే గదా.

వారపు సంతకు పోయినప్పుడు మన యిల్లే అచ్చట పరచియున్నట్లు తోచెను. మనము వాకిలి యూడ్చు కొండచీపురు, పులుసులో పడు చింతపండు, పసుపు కొమ్ములు, బాలింతల మందునకు వాడు పిప్పళ్లు, తేనె, పెండ్లి భోజనములకు వేయు అడ్డాకు విస్తళ్లు! అడ్డాకులను అడవిలో కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టినగాని విస్తరి కాదు. మనము తిని మడిచి పారవేయుటకు నిమిషము చాలును. చీపురుకట్ట వద్ద మా పిన్నత్తగారు ఐదు రూపాయలకై బేరమాడుచుండగా మా అత్తగారు, "ఉదయము హోటలులో కాఫీకి అడిగినంత యిచ్చితివి. అక్కడ లేని బేరము ఇక్కడేల?" అని మందలించిరి. అడవి సరకులను న్యాయమైన ధరకు కొనుటకై గిరిజన సహకార సంస్థ 1956లోనే ఏర్పడినది. ఊరికి తిరిగివచ్చిన పిమ్మటను దాని దుకాణములలో తేనె, కాఫీ మొదలైనవి కొనవచ్చును.

పిన్నత్తగారికి ఆ చోటు మిక్కిలి నచ్చి, "ఇచ్చట రెండు సెంట్లు కొని చిన్న యిల్లు వేసికొందమా?" అనిరి. అట్లు వీలుకాదు. 1959 నాటి చట్టమును 1970లో సవరించినది మొదలు ఈ మన్యపు భూమిని గిరిజనులు గాక యితరులు కొనరాదు. అనంతగిరి, బొర్రా ప్రాంతపు గనుల విషయమై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు గనుల కౌలునకు ఈయరాదని చెప్పినది. మా పిన్నత్తగారు కొంతసేపు ఊరకుండి, "నిజమే, అందరము కొనినచో వీరెక్కడికి పోదురు?" అనిరి.

మూడవనాటి రాత్రి చలిమంట చుట్టు చేరినప్పుడు బసలోని వంటావిడ మరియొక సంగతి చెప్పెను. లోపలి కొండలపై బండి పోవు బాటలేని గూడెములు నేటికిని కలవు. కాన్పు కష్టమైనప్పుడు గర్భిణిని డోలీలో పరుండబెట్టి, కఱ్ఱను భుజములకెత్తుకొని, మగవారు మైళ్లకొలది నడచి రోడ్డు చేరుదురు. మనము పుట్టింట కాన్పునకు పోయిన దినములు తలచుకొనుడు. వాకిట బండి, ప్రక్కన తల్లి. ఆ రాత్రి మాలో ఎవ్వరికిని వెంటనే నిద్రపట్టలేదు. మనము రైలెక్కి వచ్చు కొండకే బాట కావలెనని అడుగుట మనకును ధర్మము గాదా?

ఈ యేడు పోదలచిన సోదరీమణులు ఉన్ని బట్టలు మరువకుడు; డిసెంబరు, జనవరి రాత్రులలో చలి పది డిగ్రీలకు లోపలికిని దిగును. ఎవరినైనను ఫొటో తీయుటకు ముందు అడుగుడు. ప్లాస్టికు సంచులను, సీసాలను అచ్చట వదలక వెంట తెచ్చుకొనుడు. పోవునప్పుడు పెట్టెలో ఖాళీ గుడ్డసంచులు రెండు పెట్టుకొనుడు. సంతలో చీపుర్లు, చింతపండు, విస్తళ్లు అడిగిన ధరకే కొని తెచ్చుకొనవచ్చును.