గట్టు చదివితే నీటికుక్క కనిపిస్తుంది

మీ ఇంట్లో సీబీఎస్ఈ పదో తరగతి చదివినవాళ్లుంటే ఒకసారి అడిగి చూడండి, ఇంగ్లీషు వాచకంలో మిజ్‌బిల్ పాఠం గుర్తుందా అని. ఎన్నో ఏళ్లుగా ఉన్న పాఠం అది. గావిన్ మాక్స్‌వెల్ అనే స్కాట్లండ్ రచయిత 1956లో ఇరాక్ చిత్తడి నేలల్లోంచి ఒక నీటికుక్క పిల్లను తెచ్చుకుని, మిజ్‌బిల్ అని పిలుచుకుంటూ పెంచుకున్న కథ. అది స్నానాల గదిలో కుళాయి తిప్పడం, గోలీలతో ఆడటం చదివి పిల్లలు ముచ్చటపడతారు. పరీక్షలు రాస్తారు, పై తరగతికి వెళ్లిపోతారు. ఆ మిజ్‌బిల్ జాతి మన గోదావరిలో, మన కృష్ణలో, కోరింగ మడ అడవుల్లో ఈదుతోందని మాత్రం ఎక్కువమందికి ఎవరూ చెప్పరు. శాస్త్రజ్ఞులు మిజ్‌బిల్‌ను ఉపజాతిగా గుర్తించి మాక్స్‌వెల్ పేరు కలిపారు గానీ, జాతి మాత్రం మనదే. స్మూత్ కోటెడ్ ఆటర్ అంటారు దాన్ని. ఇవాళ్టి కబుర్లు దాని గురించే.

ముందు రూపం చెబుతాను. పేరులో కుక్క ఉన్నా దీనికీ కుక్కకూ దగ్గరి చుట్టరికం లేదు. ముంగిసతోనూ లేదు. ఏడు నుంచి పదకొండు కిలోల బరువు, ముక్కు నుంచి తోక కొస దాకా మీటరు దాటిన పొడవు. పొట్టి కాళ్లు, వేళ్ల మధ్య చర్మపు తెర, కొస వైపు బల్లపరుపుగా ఉండే తోక. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. లోపలి పొర ఎంత దట్టమంటే అందులో గాలి నిలిచిపోయి చర్మం దాకా నీరు చేరదు. తిమింగలాలకూ సీళ్లకూ ఉన్నట్టు దీనికి చర్మం కింద కొవ్వు దుప్పటి లేదు. చలి నుంచి కాపాడేది ఆ బొచ్చే. దాని ప్రాణం మీదికి తెచ్చిందీ ఆ బొచ్చే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మన దేశంలో మూడు రకాల నీటికుక్కలున్నాయి. మిగిలిన రెండింటిలో యూరేషియన్ రకం ఎక్కువగా హిమాలయాల్లోనూ పడమటి కనుమల్లోనూ, చిన్నగోళ్ల రకం ఈశాన్యంలోనూ పడమటి కనుమల్లోనూ ఉంటాయి. మన మైదానపు నదుల్లో, సముద్రం ఒడ్డు మడ అడవుల్లో మీరు చూడబోయేది ఈ నున్నటి బొచ్చుదే. ఇది ఒంటరిది కాదు. ఆలుమగలు, ఆ ఏటి పిల్లలు, ఒక్కోసారి కిందటేటి పిల్లలు, అంతా కలిసే తిరుగుతాయి. వేట కూడా కలిసే. ఊళ్లో పదిమంది చేరి లాగుడు వల లాగినట్టు, వంపుగా బారుతీరి చేపల్ని లోతులేని చోటికి తోలుకుపోతాయి.

సరే, వీటిని చూడటం ఎలా? పక్షుల్ని చూసేవాళ్లు పొద్దున్నే దుర్భిణి పట్టుకుని ఆకాశం వంక, చెట్ల వంక చూస్తారు. ఆ అలవాటుతోనే ఏటికి పోయినవాళ్లు నీళ్లకేసి చూస్తూ కూర్చుంటారు. అలా గంటలు గడిపి, ఇక్కడేమీ లేదని తేల్చేసి వెళ్లిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేను చెప్పేదొక్కటే. నీళ్లను వదిలేసి ముందు గట్టును చూడండి. నీటికుక్క ఈదేది నీళ్లలోనే అయినా కాపురం గట్టు మీద. నిద్రపోవడం, పిల్లల్ని కనడం, ఒళ్లు ఆరబెట్టుకోవడం, తన హద్దు చాటుకోవడం, అన్నీ అక్కడే.

హద్దు చాటుకునేది పెంటతో. ఒక కుటుంబమంతా మళ్లీ మళ్లీ ఒకే చోటికి వచ్చి పెంట వేస్తుంది. నీటికి దగ్గరలో ఉన్న పెద్ద బండ, ఇసుక మేట కొస, రెండు పాయలు కలిసే చోటి ఎత్తు గట్టు, ఇలాంటివి ఏరుకుంటాయి. తాజాగా ఉంటే నల్లగా, జిగటగా ఉంటుంది. ఎండితే బూడిదరంగుకు తిరిగి, పుల్లతో కదిపితే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పొడిలో మెరిసేవి చేప పొలుసులు. సన్నటి ముళ్లు, పీత డెక్కల ముక్కలు కూడా దొరుకుతాయి. వాసన చూడనక్కర్లేదు, అదే వచ్చి తగులుతుంది. ఒక్కసారి తెలిసిందా, ఇక జన్మలో మరిచిపోరు. ఆ పక్కనే ఇసుక చెదిరి, దొర్లిన గుర్తులు ఉన్నాయేమో చూడండి. నీళ్లలోంచి రాగానే అవి ఇసుకలో పొర్లి, రుద్దుకుని బొచ్చు ఆరబెట్టుకుంటాయి.

తర్వాత అడుగులు. కుక్క అడుగులో నాలుగు వేళ్లే పడతాయి. నీటికుక్కకు ఐదు, విప్పారి ఉంటాయి. మెత్తటి బురదలో అయితే వేళ్ల మధ్య తెర అచ్చు కూడా తెలుస్తుంది. రెండు అడుగుల వరసల నడుమ ఒక్కోసారి తోక ఈడ్చిన గీత ఉంటుంది. ఇవన్నీ ఒకే చోట కనిపించాయంటే మీ పని సగం అయిపోయినట్టే. అక్కడికి కాస్త దూరంగా, గాలి మీ వైపు వీచేలా చూసుకుని, ఏ చెట్టు మొదట్లోనో కూర్చోండి. తెల్లవారి మొదటి రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దు వాలే వేళ మంచి సమయాలు. మనుషుల అలికిడి లేని చోట పట్టపగలే తిరుగుతాయి. కాలం మాటకొస్తే, వరదలు తీసి ఇసుక తేలాక చూడాలి. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా అన్నమాట. చలికాలంలో పుట్టిన పిల్లలు తల్లి వెంట నీళ్లలోకి దిగే రోజులు కూడా అవే.

నీళ్లలో పొరపడటానికి చాలా ఉన్నాయి. నీటికాకి మెడ నిటారుగా లేస్తుంది. ఉడుము ఈదితే ఒళ్లంతా అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది. నీటికుక్కది చదునైన తల, నీటిమట్టానికి ఆనుకుని ఉంటుంది, వెనకాల నీరు రెండుగా చీలుతూ గీత పడుతుంది. మునిగేటప్పుడు వీపు వంగి పైకొచ్చి, చివర్న తోక తేలి మాయమవుతుంది. ఆ తర్వాత బుడగల వరస. ఆ వరస ఎటు సాగుతోందో చూస్తే తల ఎక్కడ లేస్తుందో చెప్పేయొచ్చు. చెవులు కూడా రిక్కించండి. సన్నటి ఈల లాంటి కూతలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉంటాయి. చాలాసార్లు కంటికంటే ముందు చెవికే దొరుకుతాయి.

కోరింగ సంగతి చెప్పకపోతే ఈ కబుర్లు పూర్తికావు. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసే చోట 1978లో ప్రకటించిన అభయారణ్యం అది. దాదాపు 236 చదరపు కిలోమీటర్లు. మడ అడవుల్లో గడియారం కంటే ఆటుపోట్లు ముఖ్యం. పోటు మీద వెళ్తే గట్లన్నీ నీటి కింద ఉంటాయి, మీరు చదవడానికేమీ మిగలదు. నీరు తీసే వేళ వెళ్లాలి. మేం వెళ్లిన పొద్దున అలాగే నీరు తీస్తోంది. బురద గట్లు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. మడచెట్ల ఊపిరివేళ్లు నిక్కబొడుచుకుని కనిపిస్తున్నాయి. పడవాయన ఇంజను ఆపేసి గెడ అందుకున్నాడు.

"మాటాడకండి బాబూ. అదిగోనండి, ఆ ఒంగిన చెట్టు కింద సూడండి."

నాకు ముందు కనిపించలేదు, వినిపించింది. ఎముక నమిలే చప్పుడు, కరకరమని. ఆ చప్పుడు వెంట కళ్లు వెళ్తే, బురద గట్టు మీద ఒకటి వెనక కాళ్ల మీద ఒంగి కూర్చుని, జెల్లను రెండు చేతులా పట్టుకుని తల వైపు నుంచి తింటోంది. తడి బొచ్చు మొనలు మొనలుగా అంటుకుపోయి ఉంది. నమిలినప్పుడల్లా మీసాలు ముందుకూ వెనక్కూ ఆడుతున్నాయి. తింటూ తింటూ ఆగి, అరచేత్తో మూతి తుడుచుకుంది. ఇంతలో ఊపిరివేళ్ల సందులోంచి ఇంకోటి, దాని వెనక రెండు పిల్లలు. పిల్లలు ఆ చేప కోసం కీచుమంటూ మీద పడ్డాయి. పెద్దది ఒకసారి గుర్రుమంది గానీ, చివరికి తోక ముక్క వదిలేసింది. కాసేపటికి ఒకటి మెడ చాచి మా వైపు తేరిపార చూసింది. ముక్కుతో ఒకసారి బుస్సుమంది. అంతే, నాలుగూ చప్పుడు లేకుండా జారిపోయాయి. బురద మీద నాలుగు తడి చారలు మిగిలాయి.

"ఇవి మీ వలలు చింపుతాయా?" అని అడిగాను పడవాయన్ని.

"సింపుతాయండి. అవి తిరిగే సోట సేపుంటదని మేవూ అక్కడే ఏస్తావు. వల్లో పడ్డ సేపని అవి లాక్కుంటాయి. సిరిగిపోద్దండి మరి."

ఈ మాటలో చాలా ఉంది. చేపలున్న చోటికే ఇద్దరూ వెళ్తారు, అందుకే తగువు. గిల్లు వల ఖరీదు చిన్నది కాదు. ఒక రాత్రి వల చిరిగితే వారం సంపాదన పోయే ఇళ్లున్నాయి. ఆ నష్టాన్ని పట్టించుకోకుండా జాలరితో జంతుప్రేమ గురించి మాట్లాడితే అది న్యాయం కాదు. వలల్లో చిక్కుకుని ఊపిరాడక చనిపోయే నీటికుక్కలూ ఉన్నాయి. రెండు వైపులా నష్టమే. అయితే ఇదే జాతి నీటికుక్కను పడవ మీద పెంచుకుని, తాడు కట్టి నీళ్లలోకి వదిలి, చేపల్ని వలలోకి తోలించుకునే జాలరులు బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ ఉన్నారు. నొరాయిల్ జిల్లాలో తరతరాల విద్య అది.

కృష్ణ దిగువన నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవుల్లో, పాపికొండల మధ్య గోదావరిలో, నాగార్జునసాగర్–శ్రీశైలం అడవుల్లోని నీళ్లలో కూడా ఇవి ఉన్నాయి. హంపి వెళ్లే మన యాత్రికులకు ఇంకో మాట. అక్కడి తుంగభద్రలో, ముద్లాపురం నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల మేర నదిని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో నీటికుక్క కోసమే కేటాయించిన మొదటి నదీభాగం అదే. ఆ బండల సందుల్లోనే వాటి గుహలు. పుట్టి ఎక్కి తిరిగేటప్పుడు గుళ్లతోపాటు బండల అంచులు కూడా చూడండి. అదే నీరు మంత్రాలయం, కర్నూలు మీదుగా మన కృష్ణలో కలుస్తుంది. అక్కడ ఒక నదికి దక్కిన గౌరవం దిగువన మన గడ్డ మీద ఏ నదీభాగానికైనా దక్కాలని నా కోరిక.

సింగపూర్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. అక్కడ 1970ల ప్రాంతంలో మురికి నదుల వల్ల కనుమరుగైన ఇదే జాతి, నదుల్ని శుభ్రం చేశాక, 1998లో తిరిగొచ్చింది. ఇప్పుడు బిషాన్ పార్కులో, మరీనా బే ఒడ్డున కుటుంబాలకు కుటుంబాలు రోడ్డు దాటుతుంటే కార్లు ఆగుతాయి. నీరు బాగుపడితే నడి నగరంలోకి కూడా వస్తుందన్నమాట ఈ జంతువు. మురికి నీటికి సర్దుకుపోలేదు, అంతే.

ఇప్పుడు బొచ్చు సంగతి. టిబెట్‌లో పండగ దుస్తుల అంచులకు నీటికుక్క చర్మం కుట్టించుకోవడం పాత గొప్ప. ఆ గిరాకీకి మన దేశపు నదులు గుల్లయ్యాయి. ఒక్క వల, ఒక్క రాత్రి, కుటుంబం మొత్తం పోయేది. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర మహోత్సవానికి వచ్చినప్పుడు, అక్కడ చేరిన వేలాది టిబెటన్లతో పులి, చిరుత, నీటికుక్క చర్మాలు ధరించడం మానేయండని గట్టిగా చెప్పారు. ఆ తర్వాతి వారాల్లోనే టిబెట్ ఊళ్లలో జనం తమ ఖరీదైన చర్మాల దుస్తుల్ని కుప్పలు పోసి తగలబెట్టారు. ఆ మహోత్సవం జరిగిందెక్కడో తెలుసా? మన అమరావతిలో, కృష్ణ ఒడ్డున. ఈ జంతువు మేలు కోసం పలికిన అతి పెద్ద మాట దాని సొంత నది గట్టు మీదే పలికారు. మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

చర్మాల బేరం తగ్గేసరికి పెంపకం మోజు మొదలైంది. ఫోన్లలో ముద్దొచ్చే వీడియోలు చూసి పిల్లల్ని కొనేవాళ్లు బయల్దేరారు. అందుకే 2019లో ఈ జాతిని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలోకి ఎక్కించారు. మన దేశంలో పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఎటూ నేరమే. కానీ ఇవాళ నాకు చర్మం కంటే ఎక్కువ భయం ఇసుక గురించి. ఇసుక మేట తవ్వేస్తే దాని పడకా, పొర్లే చోటూ, పిల్లల గుహా ఒకేసారి పోతాయి. దానికి తోడు నీళ్లలో మందుగుండు పేల్చి చేపలు పట్టే దుర్మార్గం ఒకటి.

కాబట్టి వెళ్లండి, చూడండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. ఏటా మే నెల చివరి బుధవారం ప్రపంచ నీటికుక్కల దినం, ఆ రోజైనా ఒక గట్టు చదవండి. గుహ దగ్గరికి పోకండి, తిండి వేయకండి, కుక్కల్ని వెంట తీసుకెళ్లకండి. ఫొటో పెడితే పెట్టండి గానీ చోటు పేరు పెట్టకండి. ఒంటరిగా పిల్ల కనిపిస్తే తల్లి దగ్గర్లోనే ఉండొచ్చు, ముట్టుకోకుండా దూరం జరగండి. చాలాసేపటికీ తల్లి రాకపోతే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. ఇంటికి మాత్రం తీసుకురాకండి.